కూతురికి అడ్డం పెట్టిన చెయ్యి

1952 వసంతకాలం, ఒక ఆదివారం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో జాన్ హెట్రిక్ అనే ఇంజనీర్ భార్యతో, ఏడేళ్ల కూతురితో కారులో వెళ్తున్నాడు. ఉన్నట్టుండి రోడ్డు మీద ఏదో అడ్డొచ్చింది. స్టీరింగ్ తిప్పి సడన్ బ్రేక్ వేస్తే కారు పక్క గోతిలోకి దిగింది. ఆ క్షణంలో భార్యాభర్తలిద్దరూ ముందున్న పాపకి చేతులు అడ్డం పెట్టారు. ఎవరికీ ఏం కాలేదు. కానీ ఆ చెయ్యి చేసిన పని కారే ఎందుకు చెయ్యకూడదు అన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు.

నేవీలో ఉన్నప్పుడు ఓ టార్పెడోలోంచి కంప్రెస్డ్ ఎయిర్ తన్నుకొచ్చి, దాని మీది కాన్వాస్ కవర్ పైకి ఎగరడం చూశాడు. అది గుర్తొచ్చి గాలితో నిండే కుషన్ డిజైన్ చేశాడు. 1953 ఆగస్టులో పేటెంట్ వచ్చింది. కార్ల కంపెనీలు మాత్రం పట్టించుకోలేదు.

టెక్నికల్ చిక్కు కూడా ఉంది. బ్యాగ్ సుమారు 30 మిల్లీసెకన్లలో నిండాలి. కంప్రెస్డ్ ఎయిర్‌తో అంత స్పీడ్ కష్టం. తర్వాతివాళ్లు మంచి సెన్సర్లు, క్షణంలో గ్యాస్ పుట్టించే రసాయనాలు తెచ్చారు. 1970లలో అలాంటి కార్లు అమ్మకానికొచ్చేసరికి పేటెంట్ గడువు తీరిపోయింది. హెట్రిక్‌కి డబ్బేమీ రాలేదు.

ఆ స్పీడే ప్రమాదం కూడా. అందుకే బెల్ట్ తప్పనిసరి. స్టీరింగ్‌కి, ఛాతీకి మధ్య కనీసం 25 సెంటీమీటర్లుండాలి. డాష్‌బోర్డ్ మీద కాళ్లు పెట్టొద్దు. పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలి. ముందు సీట్లో పాప కోసం పుట్టిన ఐడియా ఇది. ఇప్పుడు ఆ సీట్లో పాప ఉండకూడదు.