విలియం ఫేర్‌బేర్న్ జీవితము: ఇనుము, వేడిమి, కాలము

మన విశాఖపట్టణమున మల్కాపురము వైపు చూచినచో 1957వ సంవత్సరమున నెలకొల్పబడిన చమురుశుద్ధి కర్మాగారపు గోపురములును, వానిని చుట్టుకొనియున్న గొట్టములును కనబడును. గాజువాక దాటినచో ఉక్కు కర్మాగారమునందును ఇట్టి గొట్టములే. కొన్నిటిలో చన్నీరు పాఱును. కొన్నిటిలో వందల డిగ్రీల వేడిగల నూనెయో ఆవిరియో పాఱును. ఉక్కు ఒక్కటే అయినను, చల్లని గొట్టము మోయు భారమును మిక్కిలి కాగిన గొట్టము మోయజాలదు. ఇనుము బలమును చెప్పుటకు ముందు దాని వేడిమిని అడుగవలెనని ప్రయోగముల మూలమున లోకమునకు చూపినవారిలో విలియం ఫేర్‌బేర్న్ ముఖ్యుడు.

ఇతడు 1789వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన స్కాట్లండు దేశములోని కెల్సో అను ఊర జన్మించెను. తండ్రి వ్యవసాయపు కూలి. బీదతనముచే బడిచదువు కొద్దికాలమే సాగెను. 1804లో ఇంగ్లండున నార్త్‌షీల్డ్స్ చెంతనున్న పెర్సీమెయిన్ బొగ్గుగనిలో యంత్రపు పని నేర్చుకొనుటకు ఏడేండ్ల ఒడంబడికపై చేరెను. పగలంతయు చేతిపని, రాత్రులు చదువు. వారములోని సాయంకాలములను పంచుకొని, గణితమునకు కొన్నిటిని, చరిత్రకును కావ్యములకును కొన్నిటిని, వినోదమునకు కొన్నిటిని కేటాయించి ఒక పట్టిక వ్రాసికొని దానిని పాటించెను. తరువాత రైలుబండ్ల నిర్మాణమున జగత్ప్రసిద్ధుడైన జార్జి స్టీవెన్‌సన్ ఆనాడు సమీపముననే ఇంజను నడుపుచుండెను. అతడు నాలుగు డబ్బులు అదనముగా సంపాదించుటకై ఓడల అడుగుబరువు తీయు కూలికి పోయినపుడు, అతని ఇంజనును ఫేర్‌బేర్న్ చూచుచుండెడివాడు. ఆ స్నేహము జీవితాంతము నిలిచెను.

1817లో జేమ్స్ లిల్లీ అను మిత్రునితో కలిసి మాంచెస్టరునందు ఒక చిన్న పాకలో పని మొదలుపెట్టెను. క్రమముగా నూలుమిల్లుల యంత్రములు, ఇనుప ఓడలు, వంతెనలు అతని కర్మాగారమునుండి వెలువడెను. లండను చెంత పెట్టిన ఓడల కార్ఖానా గొప్ప నష్టము తెచ్చినను అతడు ధైర్యము విడువలేదు. 1844లో హెదరింగ్టన్ అనువానితో కలిసి రెండు పొయ్యిగొట్టములుగల లాంకషైరు బాయిలరుకు పేటెంటు పొందెను.

ఆ కాలమున బాయిలర్లు తఱచుగా ప్రేలి పనివారు మరణించుచుండిరి. లోపల ఏదో వింత వాయువు పుట్టుటవలన ప్రేలుచున్నవని కొందఱు తలచిరి. ఆవిరి ఒత్తిడికి రేకు బలము చాలకపోవుటయే ముఖ్యకారణమనియు, కనుక ఇవి నివారింపదగిన చావులనియు ఫేర్‌బేర్న్ వాదించెను. బాయిలర్లను క్రమముగా పరీక్షించుటకై 1854లో మాంచెస్టరునందు ఒక సంఘము ఏర్పడుటకు అతడు ముఖ్యముగా తోడ్పడెను.

బాయిలరులో నీరు తగ్గినపుడు పొయ్యిగొట్టపు రేకు బయటపడి ఎఱ్ఱగా కాలును. అప్పుడు దాని బలమెంత? అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు ఫ్రాంక్లిన్ సంస్థవారు 1830 తరువాతి యేండ్లలో ఈ విషయమును పరిశోధించియుండిరి. ఫేర్‌బేర్న్ 1856లో చేత ఇనుమును గడ్డకట్టు చలి మొదలు ఎఱ్ఱని కాక వరకు వేర్వేరు వేడిమియందు లాగి త్రెంచి చూచెను. సుమారు 200 సెంటిగ్రేడు డిగ్రీల వరకు బాయిలరు రేకు బలము ఇంచుమించు తగ్గలేదు. ఎఱ్ఱబడిన పిమ్మట మాత్రము బలము మిక్కిలి పడిపోయెను. 1858లో, వెలుపలి ఒత్తిడికి నలుగు గొట్టము పొడవు రెట్టింపైనచో దాని బలము సగమగునని కనుగొని, పొయ్యిగొట్టములకు బలమైన వలయములు వేయవలెనని బోధించెను.

అతడు మఱియొక ప్రశ్నయు వేసెను: భారము చిరకాలము నిలిచినచో ఏమగును? 1837లో పోత ఇనుప కడ్డీలపై బరువులు మోపి, ఏండ్ల తరబడి అట్లే యుంచి, అవి వంగిన తీరును కొలిపించెను. వేడిమిని ఒకచోట, కాలమును మఱొకచోట పరీక్షించెనే కాని రెంటిని కలుపలేదు. ఆ పని తరువాతివారిదయ్యెను. మిక్కిలి కాగిన ఉక్కు తెగిపోవునంత భారము లేకున్నను, గంటలు గడచినకొలది కొంచెము కొంచెముగా సాగుచుండునని వారు కనుగొనిరి.

కావుననే నేడు గొట్టములు నిర్మించు ఇంజనీర్ల పట్టికలో ఒకే ఉక్కునకు అనేక సంఖ్యలుండును. అమెరికా నియమావళి ప్రకారము వాడుకలోనున్న ఒక సాధారణ కర్బనపు ఉక్కు గొట్టమునకు, సుమారు 200 డిగ్రీల వరకు చదరపు అంగుళమునకు 20,000 పౌనుల ప్రతిబలము అనుమతింపబడును. 427 డిగ్రీలయందు 10,800 మాత్రమే. 538 డిగ్రీలయందు 2,500, అనగా ఎనిమిదవ వంతు. ఈ పై సంఖ్యలను నిర్ణయించునపుడు లక్ష గంటలకు, అనగా పదునొకండేండ్లకు పైగా, భారము మోసిన ఉక్కు ఎప్పుడు చిట్లునో కూడ లెక్కింతురు. అంత వేడిమియందు క్రోమియము, మాలిబ్డినము కలిపిన ఉక్కును వాడుదురు.

ఫేర్‌బేర్న్ 1850లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1861లో బ్రిటిష్ శాస్త్రాభివృద్ధి సంఘమునకు అధ్యక్షత వహించెను. 1869లో బారొనెట్ బిరుదము పొందెను. 1874 ఆగస్టు 18న మరణించెను.

బాలబాలికలారా! మీలో అనేకుల తండ్రులును అన్నలును ఆ గొట్టముల నడుమ పని చేసి సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరుచున్నారు. ఆ క్షేమమునకు గల కారణములలో పట్టికలోని ఆ చిన్న సంఖ్యలు కూడ నున్నవి. మీరు నేర్చు లెక్కలలో ఒక అంకె తప్పినచో మార్కు పోవును. అచ్చట తప్పినచో ప్రాణము పోవును. కూలివాని కుమారుడొకడు రాత్రిపూట దీపము ముందు కూర్చుండి నేర్చిన గణితము ఇంతమందికి కాపుదలయైనదని జ్ఞాపకముంచుకొనుడు.