తొలి కెప్టెన్ సి.కె. నాయుడు – ఆట, పేరు, డబ్బు

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్ గురించి, జాషువా గురించి, సావిత్రీబాయి ఫూలే గురించి మన సీనియర్లు ఇదివరకే చక్కగా రాశారు. ఈసారి మేము ఒక ఆటగాడి జీవితాన్ని ఎంచుకున్నాం. ఆయనే భారత క్రికెట్ జట్టుకు తొలి టెస్ట్ కెప్టెన్, మన తెలుగువాడు సి.కె. నాయుడు. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నామో ముందుగా చెప్పాలి.

ఈ సంవత్సరం కబడ్డీ పోటీలకు పదిహేను రోజుల ముందు పామిడిలో బట్టల వ్యాపారం చేసే ఒకాయన మన హాస్టల్‌కు వచ్చారు. పెన్నా ఇసుకలో మనవాళ్లు ఆడుతుంటే చూశానని, జట్టులోని పన్నెండు మందికీ టీషర్టులు కుట్టిస్తానని చెప్పారు. వాటి మీద ఆయన అంగడి పేరు ఉంటుంది. మన కెప్టెన్ ఫోటోను అంగడి బోర్డు మీద వేసుకుంటానని, అందుకు వేరుగా రెండు వేల రూపాయలు ఇస్తానని కూడా అన్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ రెండుగా చీలింది. చదువుకునే పిల్లలం ఒంటి మీద అంగడి పేరు మోయడమేమిటి, ఆటను అమ్ముకోవడమేమిటి అని కొందరం అన్నాం. కెప్టెన్ అన్న అమ్మానాన్నలు వానలు లేక బెంగళూరుకు పనికి పోయారు, అన్న కాళ్లకు బూట్లు కూడా లేవు, ఇంటికొచ్చిన డబ్బు కాదనడానికి మనమెవరం అని కొందరం అన్నాం. మాటామాటా పెరిగింది. వార్డెన్ సార్ వచ్చి, అరుచుకునే బదులు చదివి తెలుసుకుని రెండు రోజుల్లో నిర్ణయం చెప్పమన్నారు. అలా చదువుతుంటే, మన దేశంలో తన పేరును ఒక వస్తువు ప్రకటనకు ఇచ్చిన మొదటి క్రికెటర్ తెలుగువాడేనని తెలిసింది. ఆశ్చర్యపోయాం.

కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. తండ్రి న్యాయవాది. తిండికీ బట్టకూ లోటు లేని ఇల్లు. ఈ మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, దీని అవసరం తర్వాత వస్తుంది. బడిలో ఉండగానే ఆయన క్రికెట్ జట్టులోకి వచ్చారు. పొడగరి, బలమైన భుజాలు. బంతిని అడ్డుకోవడం కన్నా బాదడమే ఆయనకు ఇష్టం.

ఆ రోజుల్లో బొంబాయిలో జట్లు మతాల వారీగా ఉండేవి. హిందువులు, పార్సీలు, ముస్లింలు, యూరోపియన్లు వేర్వేరు జట్లుగా ఆడేవారు. 1916లో నాయుడు హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద తొలి మ్యాచ్ ఆడారు. చివరి వరుసలో బ్యాటింగుకు దిగి, నాలుగో బంతిని సిక్సర్ కొట్టి ఖాతా తెరిచారు.

ఆ హిందూ జట్టుకే అప్పటికి ఎన్నో ఏళ్లుగా పాల్వంకర్ బాలూ అనే గొప్ప బౌలర్ ఆడుతుండేవారు. ఆయన దళితుడు. పూనాలో దొరల క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, వలల దగ్గర దొరలకు బంతులు వేస్తూ నెలకు నాలుగు రూపాయలు తీసుకునేవారు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీశారు. అయినా సొంత జట్టువాళ్లే ఆయనకు టీ బయట, వేరే మట్టి ముంతలో ఇచ్చిన రోజులున్నాయి. ఎంత అర్హత ఉన్నా ఆయనను హిందూ జట్టుకు కెప్టెన్‌ను చేయలేదు. చివరకు 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు ఆ పదవి దక్కింది. బాలూ ఆటకు కూలి తీసుకున్నారు గనుక ఆయన ఆట తక్కువదని ఎవరైనా అనగలరా? నాలుగు రూపాయలు లేకపోతే ఆయనకు బంతి పట్టే అవకాశమే వచ్చేది కాదు.

నాయుడు సంగతి వేరు. 1923లో ఇందూరు మహారాజు హోల్కర్ ఆయనను పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తర్వాత ఆయన కల్నల్ అయ్యారు. అప్పట్లో రాజులు మంచి ఆటగాళ్లకు ఇలా కొలువులు ఇచ్చేవారు. డబ్బు కోసం ఆడేవాడు తక్కువ, సరదాకు ఆడేవాడు ఎక్కువ అనే భావన ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1962 దాకా అక్కడ క్రికెట్‌లో ఈ రెండు రకాల ఆటగాళ్లనూ వేరువేరుగా లెక్కించేవారు. అయితే సరదాకు ఆడాలంటే ఇంటి ఖర్చు ఎవరో ఒకరు చూసుకోవాలి కదా! నాయుడు ఇంటి ఖర్చు రాజుగారి కొలువు చూసుకుంది. డబ్బు వద్దనడం కూడా ఉన్నవాళ్లకే సాధ్యమని మాకు ఇక్కడ అర్థమైంది.

1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో నాయుడు రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు ఉన్నాయి. ఇంగ్లండ్ జట్టువారు మెచ్చి ఆయనకు వెండి బ్యాట్ బహూకరించారు. భారతీయులు దొరలతో సమానంగా ఆడగలరని ఆ ఇన్నింగ్స్ రుజువు చేసింది. టెస్ట్ మ్యాచ్‌ల దారి అక్కడి నుంచే తెరుచుకుంది.

1932లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. జట్టు నాయకుడు పోర్‌బందర్ మహారాజు. తన ఆట అంతంతమాత్రమని తెలిసిన ఆ మహారాజు టెస్ట్ మ్యాచ్‌కు పక్కకు తప్పుకున్నారు. జూన్ 25న లార్డ్స్ మైదానంలో మన దేశం ఆడిన తొలి టెస్ట్‌కు నాయుడు కెప్టెన్ అయ్యారు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా బ్యాటింగుకు దిగి 40 పరుగులు చేశారు. ఆ ఇన్నింగ్స్‌లో మనవాళ్లలో అదే ఎక్కువ స్కోరు. మ్యాచ్ మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. అయినా ఆ పర్యటనలో నాయుడు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. 1933లో విజ్డెన్ పత్రిక ఆయనను ఆ ఏటి అయిదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంచింది.

1936 పర్యటనలో కథ తిరగబడింది. డబ్బు, పలుకుబడి ఉన్న విజయనగరం రాజకుమారుడు విజ్జీ కెప్టెన్ అయ్యారు. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసింది 33 పరుగులు. ఆయన కింద ఆడిన నాయుడు ఓవల్ మైదానంలో గబ్బీ అలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలినా తట్టుకుని 81 పరుగులు చేశారు. అదే ఆయన చివరి టెస్ట్. మొత్తం ఏడు టెస్టుల్లో 350 పరుగులు. డబ్బు తీసుకుంటే ఆట చెడుతుందని మనవాళ్లు కొందరు వాదించారు. డబ్బు పెట్టి ఆటలో పైకెక్కితే ఆట చెడదా అని మేము అడుగుతున్నాం.

ఇక అసలు విషయానికి వద్దాం. 1941లో నాయుడు పేరుతో బాత్‌గేట్ కంపెనీ వారి లివర్ టానిక్ ప్రకటన వచ్చింది. ఒక వస్తువుకు ప్రచారం చేసిన తొలి భారత క్రికెటర్‌గా ఆయన పేరు నిలిచింది. అప్పటికి ఆయన నలభై అయిదేళ్లు దాటినవారు. టెస్టులు ఆడటం ముగిసి అయిదేళ్లయింది. అంటే పేరు ముందు వచ్చింది, ప్రకటన తర్వాత వచ్చింది. ప్రకటన తర్వాత ఆట ఆగిందా? 1945-46 రంజీ ఫైనల్లో బరోడా మీద 200 పరుగులు చేశారు. అప్పుడు ఆయన వయసు 50. ఆయన సారథ్యంలో హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే సీజన్‌లో తొలిసారి రంజీ ఆడిన ఆంధ్ర జట్టుకు ఆయనే కెప్టెన్. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆ తర్వాత 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్ జట్టుకు రంజీ ఆడారు. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. టానిక్ ప్రకటన ఆయన కీర్తిని ఏమాత్రం తగ్గించలేదు. క్రికెట్ బోర్డు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం 1994 నుంచి ఆయన పేరు మీదే ఉంది.

అయితే నాయుడు అప్పటికి విద్యార్థి కాదు. చదువుకునే పిల్లల మాటేమిటి? ఇందుకు అమెరికాలో జరిగిన ఒక సంగతి మమ్మల్ని కదిలించింది. జిమ్ థోర్ప్ అక్కడి ఆదివాసీ తెగకు చెందినవాడు. కార్లైల్‌లో ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన ప్రభుత్వ బోర్డింగ్ స్కూల్లో, అంటే మనలాగే ఇంటికి దూరంగా ఉండి చదువుకున్నాడు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు 1909, 1910లో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని తెలిసి 1913లో ఆ పతకాలు లాక్కున్నారు. అలా ఆడిన కాలేజీ పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లు దొంగపేర్లు పెట్టుకుని ఆడారు, ఇతడు సొంత పేరుతో ఆడాడు. 1953లో ఆయన చనిపోయాక, 1983లో పతకాల నమూనాలు పిల్లలకు ఇచ్చారు. 2022లో గానీ ఆయన ఒక్కడినే విజేతగా ఒప్పుకోలేదు.

అదే దేశంలో కాలేజీ ఆటల టికెట్లు, టీవీ ప్రసారాల మీద కోట్ల డాలర్లు వచ్చేవి. ఆడే విద్యార్థి మాత్రం తన పేరు మీద సంపాదిస్తే జట్టులో చోటు పోయేది. 2021 జూలై 1 నుంచి విద్యార్థులు తమ పేరుతో, ఫోటోతో సంపాదించుకోవచ్చని ఒప్పుకున్నారు. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు వాటా ఇవ్వడం మొదలుపెట్టాయి.

మిత్రులారా, ఇవన్నీ చదివాక మేము ఒక అభిప్రాయానికి వచ్చాం. కష్టపడి ఆడి తెచ్చుకున్న పేరు మీద విద్యార్థి నాలుగు రూపాయలు సంపాదించుకోవడం తప్పు కాదు. వెనుక రాజుగారి కొలువు లేనివాడికి అది మరీ తప్పు కాదు. కానీ ఎవరికి పేరు ఇస్తున్నామో చూసుకోవాలి. బట్టల అంగడి వేరు, గుట్కా వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను 2025లో మన పార్లమెంటు నిషేధించింది. అంతవరకు భారత క్రికెట్ జట్టు చొక్కా మీద ఉన్నది అలాంటి కంపెనీ పేరే. పెద్దవాళ్లే పొరబడే చోట మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

రెండు రోజుల తర్వాత వార్డెన్ సార్‌కు మా నిర్ణయం చెప్పాం. టీషర్టులు తీసుకుంటాం. ఫోటో ఒక్క ఏడాదికే ఇస్తాం. మాట కాగితం మీద రాసుకోవాలి. డబ్బు కెప్టెన్ అన్న పోస్టాఫీసు ఖాతాలో పడాలి. అంగడి పని పేరుతో స్టడీ అవర్ మానకూడదు. వాళ్ల అమ్మానాన్నలకు ఫోన్ చేసి చెప్పాకే సంతకం చేయాలి. అంగడి ఆయన అన్నింటికీ ఒప్పుకున్నారు.

పోటీల్లో మనం రెండో రౌండులోనే ఓడిపోయాం. ఓడినా ఆయన బోర్డు మీద ఫోటో తీయలేదు. అన్న బూట్లు కొనుక్కుని, మిగిలిన డబ్బు పరీక్ష ఫీజుకు దాచుకున్నాడు.

ఒక సమస్య మాత్రం మిగిలిపోయింది. ఆ రోజు అందరికన్నా బాగా ఆడింది కెప్టెన్ కాదు, ఎడమ మూలన నిలబడి నలుగురిని పట్టిన తొమ్మిదో తరగతి తమ్ముడు. వాడి ఫోటో ఎవరూ అడగలేదు. బాలూ ఆడిన కాలంలో ఆయన ఫోటోను కూడా ఏ టానిక్ కంపెనీ అడిగి ఉండదు. ఎంత బాగా ఆడినా అందరి పేరూ ఒకే ధర పలకదు. అందుకే వచ్చే ఏడాది ఇలాంటి డబ్బు వస్తే అందులో కొంత జట్టు మొత్తానికి పెట్టాలని, ఆ మాట కూడా ముందే కాగితం మీద రాయాలని మేము కోరుతున్నాం. వచ్చే సంచిక రాసే తమ్ముళ్లు దీని సంగతి మరిచిపోకూడదని మా మనవి.