బళ్ళారి రాఘవగారు

నాటకాల పిచ్చి అనే మాట మన ఇళ్ళల్లో తిట్టుగానే వాడుకలో ఉన్నది. పగలంతా కచేరీలో లెక్కలు వ్రాసి, సాయంత్రం రిహార్సలుకు పరుగెత్తే మావంటివారు ఆ మాట పడుతూనే ఉంటాము. ఆ పిచ్చినే జీవిత వ్రతంగా చేసికొని, వకీలు వృత్తికీ లోటు రానీయక, పొరుగు గడ్డమీద తెలుగు పేరు నిలిపిన మహానటుడు బళ్ళారి రాఘవగారు. ఈ ఉగాదినాడు వారిని తలచుకోవడం మా విధి అని భావిస్తున్నాము.

వారి అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించారు. అనంతపురం జిల్లా వేరుపడింది 1882లో గనుక, వారు పుట్టేనాటికి ఆ ఊరూ బళ్ళారి జిల్లాలోనిదే. మేనమామ ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853-1912). రాఘవగారు మద్రాసులో చదివి, న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, బళ్ళారిలో ప్లీడరీ పెట్టారు.

ఆనాటి బళ్ళారి అదృష్టం ఏమని చెప్పాలి! ధర్మవరంవారిది సరసవినోదిని సభ. కోలాచలం శ్రీనివాసరావుగారిది (1854-1919) సుమనోరమ సభ. ఇద్దరూ న్యాయవాదులే. పగలు కోర్టులో నల్లకోటు, రాత్రి రంగస్థలంమీద కిరీటం. ఈ సభల పోటీవల్ల ఊరంతటికీ నాటకాభిరుచి పట్టుబడింది.

కోలాచలంవారికి చరిత్ర అంటే ప్రాణం. హంపీ శిథిలాలు బళ్ళారికి సుమారు అరవై కిలోమీటర్ల దూరమే. 1565లో రాక్షసి తంగడి యుద్ధంతో నేలకూలిన విజయనగర వైభవాన్ని వారు నాటకంగా వ్రాశారు. అందులో రాఘవగారు ధరించినది పఠాను రుస్తుం వేషం. వైష్ణవాచార్యుల ఇంట పుట్టిన వకీలుగారు తలపాగా చుట్టి, కత్తి దూసి, ఆ పాత్రలో లీనమైపోయేవారు. దానితో వారి కీర్తి దేశమంతటా ప్రాకింది. కబీరుగా వేసినా, దుర్యోధనుడుగా వేసినా, షేక్స్పియరు పాత్రలు ధరించినా అదే తన్మయత్వం. తెలుగుతోబాటు కన్నడ, ఇంగ్లీషు, హిందీ భాషలలోనూ నటించారు.

ఆ రోజుల్లో నటుడంటే పద్యాన్ని రాగం తీసి పాడేవాడు; వన్స్‌మోర్ అంటే చనిపోయిన పాత్రకూడా లేచి పాడవలసిందే. రాఘవగారు ఈ ధోరణికి ఎదురునిలిచారు. పాట తగ్గించి మాటకూ, చూపుకూ, మౌనానికీ విలువ పెంచారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. ఎందరు ముక్కున వేలు వేసికొన్నా లెక్కచేయక, పి. వి. రాజమన్నారుగారి తప్పెవరిది వంటి నాటకాలలో కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటి విద్యావతులను రంగస్థలం ఎక్కించారు. 1928లో ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలుసుకొన్నారు.

ద్రౌపదీ మానసంరక్షణం (1936), రైతుబిడ్డ (1939), చండిక (1940) చిత్రాలలో నటించినా, వారి మనసంతా రంగస్థలంమీదనే. నాటకాన్ని ఏనాడూ బ్రతుకుతెరువు చేసికోలేదు. 1946 ఏప్రిల్ 16వ తేదీన బళ్ళారిలోనే కన్నుమూశారు.

1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినా రాఘవగారు పరాయివారు కాలేదు. కన్నడిగులూ మా రాఘవ అంటారు, మనమూ అంటాము. ఆ ఊరిలో వారి పేర కళామందిరం వెలసింది. 1981లో తపాలా శాఖవారు వారి స్మారకంగా బిళ్ళ విడుదల చేశారు.

మన పిల్లలకు తెలుగు మాట్లాడడం వస్తున్నది, చదవడం రావడంలేదని తల్లిదండ్రులు బాధపడుతుంటారు. వేషం కట్టాలంటే మాటలు నోటికి రావాలి. మాటలు నోటికి రావాలంటే పుస్తకం చేతబట్టాలి. కనుక ఇంట్లో ఎవరైనా మీసం అంటించుకొని, అట్టకత్తి పట్టి రాజునో పఠానునో అనుకరిస్తుంటే, పెద్దలు దయచేసి కసరవద్దు. పక్కన కూర్చుని పద్యం దిద్దండి. రాఘవగారికి మనం చెల్లించగల ఋణం అదే.