సర్ రొనాల్డు రాసుగారు

మా అనంతపురము కరవుసీమ గనుక మలేరియా రాదని తలంచువారు కలరు. అయినను ఇండ్లలో నిలువయుంచు నీటితొట్లలో సైతము మలేరియా దోమజాతి యొకటి గ్రుడ్లు పెట్టును. పూర్వము పండితులే బురదనేలల చెడుగాలిచే ఈ జ్వరము వచ్చునని నమ్మిరి. మలేరియా యను ఇటలీ మాటకు అర్థమదియే.

రాసుగారు 1857లో అల్మోరాలో జన్మించి, సైన్యవైద్యులై 1895లో సికింద్రాబాదునకు వచ్చిరి. దోమలు పడి చచ్చిన నీటిని త్రాగుటవలన జ్వరము వచ్చునని గురుస్థానీయులగు మాన్సనుగారు ఊహించిరి. రాసుగారు అట్టి నీటిని మనుష్యులచే త్రాగించి చూచిరి (ఇది నేఁడు ఎవ్వరును ఒప్పని పని). ఊహ నిలువలేదు. గురువుమాటనైనను పరీక్షించి విడుచుట, మేము గురువులమయ్యును, మాకు మిక్కిలి నచ్చిన గుణము.

పిమ్మట దోమలను కోసి సూక్ష్మదర్శినితో వెదకిరి. గాలికి అవి ఎగిరిపోవునని ఉక్కలోనే పంకా లేక కూర్చుండిరి. హుసేన్ ఖాన్ అను రోగి దోమకు అణా చొప్పున పుచ్చుకొని కుట్టించుకొనెను. 1897 ఆగష్టు 20వ తేదీన మచ్చలరెక్కల దోమ కడుపులో నల్లని రేణువులుగల కణములు కనబడెను. రోగి రక్తములోని పురుగునందును అట్టి రేణువులే యుండెను. రాసుగారు దేవుని స్తుతించుచు పద్యములు వ్రాసిరి.

మరుసటి యేఁడు కలకత్తాలో, దోమకాటువలననే జ్వరము పక్షినుండి పక్షికి సంక్రమించునని చూపిరి. మనుష్యుల విషయమును ఇటలీ పండితులు నిరూపించిరి. రాసుగారు 1902లో నోబెలు బహుమానము పొంది, 1932లో లండనులో గతించిరి. ఆయన పనిచేసిన కట్టడము బేగంపేటలో నిలిచియున్నది.