జోలె పట్టిన గొంతు

మాది కాసిపేట. నాన్న బాయి డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, మంచం మీద నడుం వాల్చగానే ఘంటసాల పాట పెట్టేవాడు. ఆ గొంతు మా ఇంట్లో మనిషిలాగే ఉండేది. దాని వెనక ఇంత ఆకలి ఉందని మాత్రం ఇంజనీరింగ్‌కి వచ్చాకే చదివి తెలుసుకున్నా.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయించేవారు, తరంగాలు పాడేవారు. భజనలకి వెళ్తే పిల్లాణ్ణి కూడా భుజాన వేసుకెళ్ళేవారు. కొడుక్కి పదకొండేళ్ళప్పుడు ఆయన పోయారు. పోయేముందు కోరింది ఒక్కటే, కొడుకు పెద్ద సంగీత విద్వాంసుడు కావాలని.

కోరిక పెద్దది, చేతిలో పైసా లేదు. సంగీతం వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో బట్టలు ఉతికి, వంట చేసి నేర్చుకుందామని చూశారు. చాకిరీ మిగిలింది గానీ పాట పెద్దగా రాలేదు. చివరికి వేలి ఉంగరం అమ్మి విజయనగరం వెళ్ళిపోయారు.

అక్కడ 1919లో విజయరామ గజపతి మహారాజు పెట్టించిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రిన్సిపాళ్ళుగా చేసిన చోటు. అంత పేరున్న చోటికి చేరినా కుర్రాడికి తినడానికి తిండి లేదు, పడుకోవడానికి చోటు లేదు. అప్పుడు ఆదుకున్నది గాత్రం గురువు పాత్రాయని సీతారామశాస్త్రి. ఫీజు మాటెత్తకుండా పాఠం మొదలుపెట్టారు. ఆయనా ఉన్నవారేం కాదు. అందుకే శిష్యుడు భుజాన జోలె వేసుకుని ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తుకున్నారు. వీధిలో తల్లులు పెట్టిన అన్నం తిని సాధన చేశారు.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. క్విట్ ఇండియాలో జైలు, మద్రాసులో కోరస్ పాటలు, పాతాళభైరవి, మాయాబజార్, 1970లో పద్మశ్రీ, చివర్లో భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న వెళ్ళిపోయారు.

నన్ను ఆపేసింది మాత్రం ఆ జోలె. ఫీజు లేకపోతే చదువు ఉచితం అయిపోయిందనుకుంటాం. గురువు ఉచితంగా చెప్పినా, విజయనగరం వీధులు అన్నం పెట్టకపోతే ఆ పిల్లాడు ఎన్నాళ్ళు ఆగేవాడు?

నేను చదివిన సర్కారు బడిలో సంగీతం పీరియడే లేదు. మా క్లాసులో ఒకడు బెంచీ మీద దరువేస్తూ పాడితే పక్క క్లాసు కూడా సైలెంట్ అయ్యేది. పంద్రాగస్టుకి పాడించి చప్పట్లు కొట్టేవాళ్ళం. అంతే, వాడికి సరిగమలు చెప్పినవాళ్ళు లేరు. టెన్త్ తర్వాత పనిలో చేరిపోయాడు. వాడు ఘంటసాల అయ్యేవాడని అనను. కానీ అయ్యేవాడో కాదో తెలిసే దారి కూడా లేకపోయింది.

మనలో కీబోర్డు వచ్చినవాళ్ళున్నారు, చిన్నప్పుడు గాత్రం నేర్చుకున్నవాళ్ళున్నారు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు పక్కనున్న సర్కారు బడిలో వారానికి రెండు గంటలు కూర్చోగలమా? వెళ్తే మాత్రం, పిల్లలు తిని వచ్చారో లేదో ముందు అడుగుదాం.