విడిభాగాలుగా ఇంటికి చేరిన పాత కారు: బ్రూస్ మెక్‌లారెన్ జీవితం

మెక్‌లారెన్ అన్న పేరు నేడు కోట్ల రూపాయల విలువ చేసే స్పోర్ట్స్ కార్లకూ, ఫార్ములా వన్ పోటీల్లోని ఒక ప్రముఖ జట్టుకూ గుర్తు. ఆ పేరు గల మనిషి చేతికి వచ్చిన మొదటి స్పోర్ట్స్ కారు మాత్రం కొత్తది కాదు. నడిచే స్థితిలో ఉన్నది కూడా కాదు. అది 1929 నాటి ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్. తండ్రి దానిని కొన్ననాడు ఊడదీసిన భాగాలుగానే ఇంటికి చేరింది. పాత యంత్రాన్ని కొనడం, విప్పడం, లోపం ఎక్కడుందో కనిపెట్టడం, సరిచేసి పోటీకి నిలపడం ఆ బాలుడికి మొదట ఆట అయింది, తరువాత చదువయింది, ఆపైన వృత్తి అయింది. చివరకు అదే ఒక సంస్థకు పునాది అయింది. 32 ఏళ్లకే ముగిసిన బ్రూస్ మెక్‌లారెన్ జీవితాన్ని ఈ కోణం నుంచి చూస్తే, ఒక పాత కారు కొనుగోలు మనిషిని ఎంత దూరం తీసుకువెళ్లగలదో అర్థమవుతుంది.

గ్యారేజీలో బాల్యం, ఆసుపత్రిలో రెండేళ్లు

బ్రూస్ 1937 ఆగస్టు 30న న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో జన్మించారు. తల్లిదండ్రులు లెస్, రూత్ మెక్‌లారెన్ దంపతులు. నగరంలోని రెమ్యువెరా ప్రాంతంలో వారికి పెట్రోలు బంకు, దానితోపాటే కార్ల మరమ్మతు షెడ్డు ఉండేవి. తండ్రి యువకుడిగా ఉన్నప్పుడు మోటారు సైకిల్ పోటీల్లో పాల్గొన్నవారు. అందువల్ల గ్రీజు వాసన, రెంచీల చప్పుడు బాలుడికి ఊహ తెలిసిన నాటి నుంచే పరిచితాలు.

తొమ్మిదేళ్ల వయసులో బ్రూస్‌కు ఎడమ తుంటిలో పెర్థీస్ వ్యాధి సోకినట్లు వైద్యులు గుర్తించారు. తొడ ఎముక పైభాగానికి రక్త సరఫరా తగ్గి, ఆ ఎముక మెత్తబడి ఆకారం కోల్పోయే వ్యాధి ఇది. ఎదిగే పిల్లలకే వస్తుంది. ఆ రోజుల్లో దీనికి చికిత్స అంటే కాలిపై బరువు పడకుండా నెలల తరబడి పడుకోబెట్టడమే. టకపూనాలోని విల్సన్ హోమ్‌లో బాలుడు దాదాపు రెండేళ్లు గడిపాడు. బయటికి వచ్చేసరికి ఎడమకాలు కుడికాలి కంటే పొట్టిగా మారింది. నడకలో ఆ కుంటు జీవితాంతం మిగిలింది. మైదానంలో తోటి పిల్లలతో పరుగెత్తి ఆడే అవకాశం పోయింది. ఆ వయసు బాలుడికి అది చిన్న నష్టం కాదు.

అల్‌స్టర్ ఎందుకు, ఎలా

ఆస్టిన్ సెవెన్ 1922లో బ్రిటన్‌లో విడుదలైన చిన్న కారు. సామాన్య కుటుంబం కొనుక్కోగల ధరలో తయారైన ఆ వాహనానికి 747 సీసీ ఇంజను ఉండేది. దానినే తేలికపరచి, ఎత్తు తగ్గించి, ఇద్దరు మాత్రమే కూర్చునే స్పోర్ట్స్ కారుగా మలచినదే అల్‌స్టర్ నమూనా. 1929లో ఉత్తర ఐర్లండ్‌లో జరిగిన టూరిస్ట్ ట్రోఫీ పోటీలో ఆస్టిన్ సంస్థ చిన్న కార్లు చూపిన ప్రతిభ వల్ల దానికి ఆ ప్రాంతం పేరు స్థిరపడింది.

లెస్ ఈ కారును తీసుకునే నాటికి దాని వయసు రెండు దశాబ్దాలు దాటింది. అంత పాత వాహనాన్ని ఎవరైనా ఎందుకు కొంటారన్న ప్రశ్నకు నాటి న్యూజిలాండ్ పరిస్థితే సమాధానం. విదేశీ మారక ద్రవ్యాన్ని కాపాడుకునేందుకు ఆ దేశం 1938 నుంచే దిగుమతులకు లైసెన్సు విధానం అమలు చేసింది. కొత్త కారు దొరకడం కష్టం. ఉన్న కారునే మళ్లీ మళ్లీ బాగుచేసుకుని నడపడం తప్పనిసరి. లైసెన్సు రాజ్యం రోజుల్లో అంబాసిడర్, ఫియట్ కార్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన భారతీయ కుటుంబాలకు ఈ స్థితి కొత్తగా అనిపించదు. కొరత ఉన్నచోట మంచి మెకానిక్‌లు పుడతారన్న మాట రెండు దేశాలకూ వర్తిస్తుంది.

భాగాలను ఒకచోట చేర్చి కారును నిలబెట్టిన తరువాత మొదట నడిపి చూసినది తండ్రే. ఆయనకు అది భయం గొలిపింది. ఆస్టిన్ సెవెన్ బ్రేకులు ఇనుప తీగలతో పనిచేసేవి. ఆగవలసినచోట ఆగకపోవడం వాటికి పేరుపడ్డ జబ్బు. ఆ బరువుకూ, ఆ వేగానికీ తగిన పట్టు చట్రంలోనూ లేదు. ఇలాంటి బండిని కొడుకు చేతికి ఇవ్వడం క్షేమం కాదని, అమ్మివేయడమే మేలని లెస్ భావించారు. అనుభవం ఉన్న మెకానిక్‌గా, తండ్రిగా ఆ నిర్ణయం సరైనదే. అయితే కొడుకు ఒప్పుకోలేదు. దానిని సరిచేసే పనే తనకు కావాలని పట్టుబట్టాడు. చివరకు తండ్రి దిగివచ్చారు.

పాత స్పోర్ట్స్ కారు కొనే ప్రతి ఇంటిలోనూ ఏదో రూపంలో జరిగే వాదమే ఇది. మామూలు పాత కారులో బ్రేకు బలహీనమైతే నెమ్మదిగా నడిపి గట్టెక్కవచ్చు. వేగం కోసమే పుట్టిన కారులో ఆ అవకాశం ఉండదు. పైపూత, హంగులు చూసి మురిసేవారు అసలు చూడవలసినవి చట్రం నిటారుదనం, స్టీరింగ్ పట్టు, బ్రేకుల స్పందన. మెక్‌లారెన్ ఇంట ఈ పరీక్ష కొన్న తరువాత జరిగింది. ఫలితం ప్రతికూలంగానే వచ్చింది. అయినా ఆ కారు ఇంటిలో నిలిచిందంటే, లోపాలు ఏవో తెలిసిన తరువాత వాటిపై పని చేయడానికి తండ్రీకొడుకులు సిద్ధపడ్డారు కాబట్టి.

1952లో, పద్నాలుగేళ్ల వయసులో, బ్రూస్ అదే కారుతో తన మొదటి కొండదారి పోటీలో దిగారు. కాలు కుంటుపడిన బాలుడు చక్రం ముందు కూర్చున్నప్పుడు ఎవరికంటే వెనుకబడి లేడు. తరువాత రెండేళ్లకు పూర్తిస్థాయి రేసులోకి ప్రవేశించారు.

మెట్టు తరువాత మెట్టు

అల్‌స్టర్ తరువాత ఫోర్డ్ 10 భాగాలతో తయారైన కారు, ఆపైన ఆస్టిన్ హీలీ వచ్చాయి. ఆక్లండ్‌లో ఇంజనీరింగ్ చదువుతూనే ఆయన పోటీలకు హాజరయ్యేవారు. ఆస్ట్రేలియా రేసర్ జాక్ బ్రాభమ్ న్యూజిలాండ్‌లో పోటీలకు తెచ్చిన కూపర్ కారును మెక్‌లారెన్ కుటుంబం కొనుగోలు చేయడం మలుపు తిప్పింది. అదీ మరొకరు నడిపిన కారే. దానికి వెంటనే మార్పులు మొదలుపెట్టి, తనకు అనువుగా మలచుకుని, 1957–58 న్యూజిలాండ్ చాంపియన్‌షిప్‌లో బ్రూస్ రెండో స్థానంలో నిలిచారు.

ఆ ప్రతిభను గుర్తించిన న్యూజిలాండ్ గ్రాండ్ ప్రి నిర్వాహకులు 1958లో తమ మొదటి యూరప్ ప్రయాణ ఉపకార వేతనానికి ఆయననే ఎంపిక చేశారు. అదే ఏడాది జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో ఫార్ములా వన్, ఫార్ములా టూ కార్లు కలిసి పరుగెత్తిన పోటీలో ఆయన మొత్తం మీద ఐదో స్థానంలో, ఫార్ములా టూ విభాగంలో మొదటి స్థానంలో నిలిచారు. 1959 డిసెంబరు 12న అమెరికాలోని సెబ్రింగ్‌లో జరిగిన గ్రాండ్ ప్రిలో ఆఖరి ల్యాపులో బ్రాభమ్ కారుకు ఇంధనం అయిపోయింది. వెనుకనే ఉన్న సహచరుడు మెక్‌లారెన్ ముందుకు వచ్చి విజేతగా నిలిచారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్ల 104 రోజులు. గ్రాండ్ ప్రి గెలిచిన పిన్న వయస్కుడిగా ఆ రికార్డు 2003లో ఫెర్నాండో అలోన్సో అధిగమించే వరకు నిలిచింది. 1960లో అర్జెంటీనాలో, 1962లో మొనాకోలో కూడా ఆయనే గెలిచారు.

సంస్థకు తొలి కారూ పాతదే

1963లో బ్రూస్ తన పేరిట ఒక రేసింగ్ సంస్థను స్థాపించారు. లండన్ సమీపంలోని న్యూ మాల్డెన్‌లో ఒక షెడ్డు, కొద్దిమంది మెకానిక్‌లు. అంతే దాని ఆస్తి. 1964లో ఆ సంస్థ ఒక స్పోర్ట్స్ కారును కొన్నది. దాని చరిత్ర అల్‌స్టర్ చరిత్రకు తీసిపోదు.

1961లో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ రేసులో ప్రమాదానికి గురై నలిగిపోయిన ఒక కూపర్ ఫార్ములా వన్ కారును రోజర్ పెన్స్కీ కొని, స్పోర్ట్స్ కారుగా తిరిగి నిర్మించారు. ప్రాయోజకుల పేరు మీద అది జెరెక్స్ స్పెషల్‌గా ప్రసిద్ధికెక్కి, అనేక రేసుల్లో విజయాలు సాధించింది. తరువాత టెక్సాస్‌కు చెందిన జాన్ మీకమ్ చేతికి మారింది. చేతులు మారిన ఆ కారే బ్రూస్ షెడ్డుకు చేరింది.

గెలిచిన కారు కదా అని ఆయన దానిని ఉన్నదున్నట్లు వదిలిపెట్టలేదు. గొట్టాలతో అల్లిన చట్రం మధ్యభాగంలో తగినంత బిగువు లేదని గుర్తించారు. అంతకంటే శక్తిమంతమైన ఓల్డ్స్‌మొబైల్ వీ8 ఇంజను పెట్టాలంటే ముందు చట్రాన్ని బలపరచాలి. ఆ భాగాన్ని కోసి, మళ్లీ నిర్మించి, ఆ తరువాతే ఇంజను మార్చారు. 1964 జూన్‌లో కెనడాలోని మోస్‌పోర్ట్‌లో ఆ కారు విజయం సాధించింది. అందులో నేర్చుకున్న పాఠాలతోనే అదే ఏడాది సంస్థ తన సొంత స్పోర్ట్స్ కారు ఎం1ఎను రూపొందించింది. ఆ నమూనా కార్లను ఎల్వా సంస్థ తయారుచేసి ఇతర రేసర్లకు అమ్మింది. పాత కారు కొన్న షెడ్డు ఏడాది తిరగకముందే కొత్త కార్లకు మూలస్థానమైంది.

ఈ రెండు కొనుగోళ్ల మధ్య పన్నెండేళ్ల దూరం ఉంది. పద్ధతి మాత్రం ఒక్కటే. కొత్త కారు కొన్నవారికి తయారీదారు మీద నమ్మకం చాలు. పాత కారు కొన్నవారు ప్రతి భాగాన్నీ తామే ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నించే అలవాటే మెక్‌లారెన్‌ను డ్రైవర్ల వరుస నుంచి నిర్మాతల వరుసలోకి చేర్చింది.

శిఖరం, ఆకస్మిక ముగింపు

1966 మొనాకో గ్రాండ్ ప్రిలో మెక్‌లారెన్ పేరున్న ఫార్ములా వన్ కారు తొలిసారి దిగింది. అదే ఏడాది జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పోటీలో తన దేశస్థుడు క్రిస్ ఏమన్‌తో కలిసి ఫోర్డ్ కారులో బ్రూస్ విజేత అయ్యారు. 1968 జూన్ 9న బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లో సొంత కారుతో గ్రాండ్ ప్రి గెలిచారు. ముందున్న జాకీ స్టివార్ట్ చివరి దశలో ఇంధనం కోసం ఆగవలసి వచ్చింది. రెండో స్థానం వచ్చిందనుకుంటూ గీత దాటిన బ్రూస్‌కు, తానే గెలిచానన్న సంగతి తరువాత గాని తెలియలేదు. సొంత సంస్థ నిర్మించిన కారుతో గ్రాండ్ ప్రి గెలిచినవారిలో బ్రాభమ్, డాన్ గర్నీల తరువాత ఆయన మూడోవారు.

ఉత్తర అమెరికాలో జరిగిన కాన్‌యామ్ స్పోర్ట్స్ కార్ల పోటీల్లో ఆ సంస్థకు ఎదురే లేకుండా పోయింది. 1967, 1969 టైటిళ్లు బ్రూస్‌వి, 1968 టైటిల్ డెనీ హల్మ్‌ది. 1969లో జరిగిన 11 రేసులనూ మెక్‌లారెన్ కార్లే గెలిచాయి. రోడ్డుపై నడిపేందుకు ఒక స్పోర్ట్స్ కారు చేయాలన్న కోరికతో ఎం6జీటీ అనే నమూనాను తయారుచేసి, ఆయన స్వయంగా దానిని నిత్యం వాడేవారు.

1970 జూన్ 2న ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ సర్క్యూట్‌లో కొత్త ఎం8డి కారును పరీక్షిస్తుండగా, అతివేగంలో వెనుకభాగపు పైకప్పు ఊడిపోయింది. అదుపు తప్పిన కారు పక్కనున్న కట్టడాన్ని ఢీకొంది. బ్రూస్ అక్కడికక్కడే మరణించారు. భార్య పాట్రీషియా, నాలుగేళ్ల కుమార్తె అమాండా మిగిలారు. పాత కార్ల లోపాలను ఓపికగా వెతికిన మనిషి, తన చేతుల మీదుగా రూపుదిద్దుకున్న సరికొత్త కారులో ప్రాణం కోల్పోయారు. వేగానికి సంబంధించినంత వరకు కొత్తదనం భద్రతకు హామీ కాదని ఆ ప్రమాదం చెప్పింది. ఒకనాడు ఆక్లండ్‌లో తండ్రి పడిన భయానికి కారణం లేకపోలేదని కూడా చెప్పింది. భౌతికకాయాన్ని ఆక్లండ్‌లోని వైకుమెటె శ్మశానవాటికలో ఖననం చేశారు.

జట్టు ఆగలేదు. పన్నెండు రోజులకే మోస్‌పోర్ట్‌లో జరిగిన కాన్‌యామ్ రేసును మెక్‌లారెన్ కారులో డాన్ గర్నీ గెలిచారు. ఇండియానాపోలిస్‌లో చేతులు కాలిన గాయాలు మానకముందే హల్మ్ తిరిగి చక్రం పట్టి, ఆ ఏడాది టైటిల్ సాధించారు. 1974లో ఎమర్సన్ ఫిట్టిపాల్డి డ్రైవర్ల చాంపియన్ కాగా, సంస్థకు తొలి ఫార్ములా వన్ నిర్మాతల టైటిల్ దక్కింది. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి భారత గ్రాండ్ ప్రిలో జెన్సన్ బటన్ రెండో స్థానం సాధించినది కూడా మెక్‌లారెన్ కారులోనే.

ఆ కార్లలో చాలావాటిని ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో ఉన్న సంస్థ ప్రధాన కేంద్రంలో వరుసగా నిలిపి ఉంచారు. ఆ వరుసలో చిన్నదీ, వయసులో పెద్దదీ ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్. అమ్మివేయాలని లెస్ మెక్‌లారెన్ ఒకప్పుడు నిశ్చయించుకున్న కారు అదే.