శ్రీ వరాహగిరి వేంకటగిరిగారి ఎన్నికలు

శ్రీ వి. వి. గిరిగారి పేరు చెప్పగానే రాజధానిలోని మన విద్యావంతులలో పెక్కుమందికి 1969వ సంవత్సరపు రాష్ట్రపతి ఎన్నిక మాత్రమే స్ఫురించును. ఆ విజయము శ్రీమతి ఇందిరాగాంధీదనియు, గిరిగారు అందులకు నిమిత్తమాత్రులనియు చెప్పుట పరిపాటి యైనది. ఆయన ఎన్నికల చరిత్రను మొదటినుండియు పరిశీలించినచో ఈ అభిప్రాయము నిలువదని మేము తలంచుచున్నాము. ఒక జమీందారును ఆయన సొంత గడ్డమీద ఎదిరించి గెలిచిన ఎన్నిక యొకటి; స్వల్పమైన తేడాతో ఓడి న్యాయస్థానములను ఆశ్రయించిన ఎన్నిక యొకటి; తన పక్షము నిలిపిన అభ్యర్థిపైననే పోటీచేసి నెగ్గిన ఎన్నిక యొకటి. ఈ మూడింటియందును పదవికంటె పెద్దదగు ప్రశ్న పోటీలో నుండెను. పదవి లభించిన పిదప ఆ ప్రశ్న యేమయ్యెనో కూడ చెప్పక తప్పదు.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీని బరంపురమున జన్మించిరి. నాడది చెన్నరాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన పట్టణము. తెలుగువారును ఓఢ్రులును తరతరములుగా కలిసి నివసించు చోటు. తండ్రి జోగయ్య పంతులుగారు వకీలు, స్వరాజ్యపక్షమువారు. 1913లో గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండునకు పోయిరి. మన యువకులందరును లండనుకు దారితీయుచుండిన కాలమున డబ్లిను నగరమును చేరుటయే ఒక విశేషము. అచ్చటి జాతీయోద్యమము ఆయన మనస్సును పట్టుకొనెను. 1916 ఈస్టరు తిరుగుబాటు తరువాత దేశము విడిచి పొమ్మని ప్రభుత్వపు ఉత్తరువు వచ్చెను. బారిస్టరు పట్టముతో బరంపురము చేరి వృత్తి ప్రారంభించిరి. సహాయనిరాకరణోద్యమము రాగానే ఆ వృత్తిని వదలిరి. చేతనున్న దానిని వదలివేయుట ఆయన జీవితమున నిదియే మొదటిసారి.

కోర్టు విడిచిన బారిస్టరు రైలుపట్టాల వెంబడి పోయెను. అఖిలభారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలో ఆయన యొకరు. బెంగాలు నాగపూరు రైల్వేలో ఉద్యోగములు పోగొట్టుకొన్నవారి పక్షమున 1928లో జరిగిన సమ్మెను నడపిరి. 1926లో అఖిలభారత ట్రేడు యూనియను కాంగ్రెసునకు అధ్యక్షులై, 1927లో జెనీవా కార్మిక మహాసభకు మన శ్రామికుల ప్రతినిధిగా వెళ్లిరి. 1931లో రెండవ రౌండు టేబిలు సమావేశమున కార్మికుల తరఫున కూర్చుండిరి. పాఠకులు ఈ రైల్వే సంబంధమును జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

1934లో కేంద్ర శాసనసభలో ప్రవేశించిరి. 1936 ఏప్రిలు 1వ తేదీని ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రముగా ఏర్పడగా బరంపురము దానిలో చేరిపోయెను. ఇంటిలో తెలుగు మాటలాడి, చెన్నపట్టణపు కోర్టులకును కళాశాలలకును అలవాటుపడిన గంజాము కుటుంబములు ఒక్క దినమున వేరొక రాష్ట్ర ప్రజలైనవి. మరుసటి సంవత్సరము చెన్నరాజధాని శాసనసభకు ఎన్నికలు వచ్చునాటికి గిరిగారి పుట్టినయూరు ఆ రాజధానిలో లేదు. ఆయన నిలిచిన చోటు బొబ్బిలి.

బొబ్బిలి రాజాగారైన శ్రీ రామకృష్ణ రంగారావుగారు జస్టిసు పక్షనాయకులు. 1932 నుండి, నడుమ కొంతకాలము తప్ప, రాజధానికి ముఖ్యమంత్రులు. వారి సంస్థానపు ముఖ్యపట్టణమున వారిపై నిలుచుట సాహసమే. నాడు ఓటుహక్కు ఆస్తిని, పన్నును, విద్యను బట్టి లభించుచుండెను గనుక కూలివాండ్రలో అధికసంఖ్యాకులకు అది లేదు. కావున కార్మికనాయకుడు కార్మికుల ఓట్లతో అచ్చట గెలిచెనని చెప్ప వీలులేదు. భూమికి శిస్తు కట్టు రైతులును, చిన్న వర్తకులును, చదువుకొన్నవారును జమీందారీ అధికారమునకు ఎదురుతిరిగి కాంగ్రెసు పసుపుపెట్టెలో చీట్లు వేసిరనియే మా ఊహ. గిరిగారు గెలిచిరి, ముఖ్యమంత్రి ఓడిరి. 215 స్థానములు గల ఆ సభలో కాంగ్రెసునకు 159 వచ్చినవి గాని, ఆ 159లో బొబ్బిలి ఫలితమంత ప్రసిద్ధి పొందినది మరియొకటి లేదు. రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున గిరిగారికి కార్మిక, పరిశ్రమల శాఖలు లభించినవి. 1939లో మంత్రివర్గముతోపాటు వదలుకొనిరి. తరువాత క్విట్టిండియా ఉద్యమము, చెరసాల; 1946లో మరల శాసనసభ, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున మరల కార్మికశాఖ; 1947 నుండి 1951 వరకు సింహళమున హైకమిషనరు పదవి.

1952లో పాతపట్టణమునుండి లోకసభకు ఎన్నికై నెహ్రూగారి ప్రభుత్వమున కార్మికమంత్రి అయిరి. యజమానులకును కార్మికులకును కలుగు తగవులను కోర్టులకు ఈడ్చుటకంటె వారే కూర్చుండి రాజీపడుట మేలని ఆయన నమ్మకము. దానికి గిరి పద్ధతి యను పేరే వచ్చెను. అయితే పరిష్కారమునకు ఒక న్యాయసభను ఏర్పరచిన తరువాత దాని తీర్పును ప్రభుత్వమే దిద్దుట ఆయనకు సహింపలేదు. బాంకు ఉద్యోగుల జీతములను గూర్చి అప్పీలు ట్రిబ్యూనలు ఇచ్చిన తీర్పును 1954లో మంత్రివర్గము మార్చగా గిరిగారు రాజీనామా చేసిరి. అంతట ప్రభుత్వము ఒక విచారణసంఘమును నియమించెను. దానికి మొదట అధ్యక్షులైనవారు మరణింపగా న్యాయమూర్తి గజేంద్రగడ్కరుగారు ఆ స్థానమును వహించి 1955లో నివేదిక నిచ్చిరి. దానిననుసరించి చట్టము కూడ చేయబడెను. ఈ న్యాయమూర్తి గిరిగారి కథలో మరల కనబడుదురు.

1957 ఎన్నికలలో గిరిగారు పార్వతీపురమున నిలిచిరి. అది ద్విసభ్య నియోజకవర్గము. రెండు స్థానములలో నొకటి గిరిజనులకు ప్రత్యేకింపబడినది, రెండవది సామాన్యము. ఒక్కొక్క ఓటరుకు రెండేసి ఓట్లు. అభ్యర్థులు నలుగురు, ఇద్దరు గిరిజనులు, ఇద్దరు ఇతరులు. లెక్కింపులో బిడ్డిక సత్యనారాయణగారికి 1,26,792, డిప్పల సూరిదొరగారికి 1,24,604, గిరిగారికి 1,24,039 ఓట్లు వచ్చినవి. సత్యనారాయణగారును సూరిదొరగారును గిరిజనులే. మొదటివారికి ప్రత్యేకస్థానము చెందెను. మిగిలినది సామాన్యస్థానము గనుక గిరిగారికి రావలెనా, లేక ఓట్లలో రెండవవారైన సూరిదొరగారికి చెందవలెనా? ఎన్నికల అధికారి సూరిదొరగారినే ప్రకటించెను. తేడా 565 ఓట్లు.

గిరిగారు వివాదమును ఎన్నికల ట్రిబ్యూనలుకు తెచ్చిరి. ప్రత్యేకస్థానమునకు నామినేషను వేసిన వ్యక్తి సామాన్యస్థానమును పొందజాలడనునది వారి మొదటి వాదము. సూరిదొరగారు తమ కుటుంబమును క్షత్రియులుగా చెప్పుకొనుచు వచ్చిరి గనుక గిరిజనులుగా నామినేషను వేయుటయే చెల్లదనునది రెండవది. న్యాయవాదిగా మొదటి వాదమున పస యున్నదని మేము ఒప్పుకొందుము. రెండవది మాకు ఎన్నడును రుచింపలేదు. కూలివాండ్ర పక్షమున జీవితమును వెచ్చించిన పెద్దమనిషి, ఒక కొండదొర తన్ను గొప్పకులమువాడుగా చెప్పుకొన్నాడని సభలో చోటు తప్పించుటకు ప్రయత్నించుట సొగసుగా లేదు. వ్యాజ్యము సాగుచుండగనే ఆయన ఉత్తరప్రదేశమునకు గవర్నరుగా పోయిరి. అనగా ఒక రాష్ట్రపు అధిపతి మరియొక రాష్ట్రపు ఓట్లకొరకు కక్షిదారుగా నుండిరన్నమాట.

1959లో సుప్రీంకోర్టు గిరిగారి అప్పీలును కొట్టివేసెను. తీర్పు వ్రాసినవారు ఆ గజేంద్రగడ్కరుగారే. గిరిజనునకు ప్రత్యేకస్థానమునందు హక్కుండుట అతనికున్న సామాన్యహక్కును తీసివేయదనియు, ఒకరు తన్ను క్షత్రియునిగా చెప్పుకొన్నంతమాత్రమున ఆ కులము అతనిని అంగీకరించినట్లు కాదనియు ఆ తీర్పు సారాంశము. ఇద్దరు గిరిజనులును ఒకే నియోజకవర్గము తరఫున లోకసభలో కూర్చుండిరి. రెండేండ్లకు, 1961లో, ద్విసభ్య నియోజకవర్గములనే పార్లమెంటు రద్దుచేసెను. పార్వతీపురపు వ్యాజ్యము అందులకు గల ప్రేరణములలో నొకటియని చెప్పినచో తప్పు గాదు.

గవర్నరు పదవుల పదేండ్లను గూర్చి విస్తరింపము. ఉత్తరప్రదేశము, కేరళము, మైసూరు. పిదప 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే 3వ తేదీని రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు మరణించిరి. గిరిగారు తాత్కాలికముగా ఆ బాధ్యత వహించిరి. రాధాకృష్ణపండితులును జాకీర్ హుస్సేనుగారును ఉపరాష్ట్రపతి పదవినుండి పైకి పోయినవారే గనుక తనకును అట్లే జరుగునని గిరిగారు ఆశించుట సహజము. కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు బెంగుళూరిలో జూలై నెలలో నీలం సంజీవరెడ్డిగారి నెన్నుకొనెను. రెడ్డిగారు లోకసభ స్పీకరు పదవిని వదలిరి. గిరిగారు స్వతంత్రముగా నిలుచుచున్నట్లు ప్రకటించి, పదునాలుగు బాంకులను జాతీయముచేయు ఆర్డినెన్సుపై జూలై 19న సంతకముచేసి, మరునాడు రెండు పదవులకును రాజీనామా ఇచ్చిరి. రాష్ట్రపతియు ఉపరాష్ట్రపతియు లేని దేశమును ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు, మే నెలలోనే చేయబడిన చట్టము ననుసరించి, అయిదు వారములు కాపాడిరి. ఇద్దరు తెలుగువారు, ఇద్దరును ఒకప్పుడు చెన్నరాజధాని శాసనసభలో కూర్చుండినవారు, దేశపు అత్యున్నత పదవికి ఒకరిపై నొకరు నిలిచిరి. ప్రధానమంత్రి తన పక్షపు అభ్యర్థి నామినేషనుపై సంతకముచేసియు, తుదకు అంతరాత్మ ననుసరించి ఓటు వేయుడని తన పక్షపు సభ్యులకు చెప్పిరి.

అంకెలను చూడుడు. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలుపునకు కావలసినది 4,18,169. మొదటి ప్రాధాన్యములలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, స్వతంత్ర, జనసంఘ పక్షముల అభ్యర్థియైన చింతామణి దేశముఖుగారికి 1,12,769. ఎవరికిని చాలలేదు. రెండవ ప్రాధాన్యములను కలుపగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 అయినవి. రెండవ ప్రాధాన్యములతో గిరిగారు నెగ్గిరని లోకము చెప్పుకొనును. వాస్తవముగా ఆ ఓట్లు రెడ్డిగారి వైపునకు ప్రవహించినవి. వారికి 91,879 చేరగా గిరిగారికి చేరినవి 18,562 మాత్రమే. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్పగారు ఆ పక్షములతో జరిపిన మంతనములు వ్యర్థము కాలేదని ఈ లెక్క చెప్పుచున్నది. గిరిగారిని నిలబెట్టినది మొదటి చీటీయే. ఇందిరాగాంధీగారి మాటకు విలువ యున్నది. కాని వామపక్షములును, తమిళనాడు ద్రావిడ మున్నేట్ర కళగమును, ఆయనను నాలుగు దశాబ్దములుగా కార్మికపక్షపాతిగా ఎరిగియున్నవారును వేసిన ఓట్లను లెక్కలోనికి తీసికొనక ఆ సంఖ్య సిద్ధింపదు.

ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో అర్జీలు పడినవి. రెడ్డిగారిపై ఒక అనామక కరపత్రము పంచబడెననియు, ఓటర్లపై అక్రమమైన ఒత్తిడి జరిగెననియు ఆరోపణలు. రాష్ట్రపతి వాఙ్మూలమును ఆయన నివాసముననే తీసికొనుటకు వీలుండెను. గిరిగారు స్వయముగా న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చి, ఎదురుపక్షపు న్యాయవాదుల ప్రశ్నలకు ప్రత్యుత్తరము చెప్పిరి. 1970లో అర్జీలు కొట్టివేయబడినవి. పార్వతీపురపు వ్యాజ్యమున మాకు రుచింపని వాదము చేసిన వ్యక్తియే ఇచ్చట న్యాయస్థానమునకు ఇచ్చిన గౌరవమును చూచి మేము సంతోషించుచున్నాము.

ఇక రాష్ట్రపతిత్వము. 1954లో ఒక ట్రిబ్యూనలు తీర్పును మార్చినందుకు మంత్రిపదవిని వదలినవారు, 1970లో సంస్థానాధీశుల గుర్తింపును తొలగించు ఉత్తరువుపై సంతకముచేసిరి. అదే సంవత్సరము డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని చెల్లదనెను. 1973లో ముగ్గురు సీనియరు న్యాయమూర్తులను దాటి నాలుగవవారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించినప్పుడు ఆ నియామకపత్రముపైనను ఆయన సంతకమే. రాజ్యాంగము ప్రకారము మంత్రివర్గపు సలహా పాటించుటయే ఆయన విధి యని వాదించువారి మాట మేము త్రోసివేయము. కాని సలహా నంగీకరింపలేనివారికి మరియొక మార్గము కలదని గిరిగారికి ఎవ్వరును నేర్ప నక్కరలేదు. ఆ మార్గమున ఆయన రెండుసార్లు నడచిరి.

1974 మే 8వ తేదీని రైల్వే కార్మికులు దేశమంతటను సమ్మెకు దిగిరి. నాయకత్వము వహించినది అఖిలభారత రైల్వే కార్మిక సమాఖ్యయే. అధ్యక్షులు జార్జి ఫెర్నాండెజుగారు. నాయకులును కార్మికులును వేలకొలదిగా నిర్బంధింపబడిరి. ఎందరో ఉద్యోగములనుండి తొలగింపబడిరి. రైల్వే కాలనీలలోనికి పోలీసులు ప్రవేశించిరి. మే 27న సమ్మె విరమింపబడెను. ఆ సమాఖ్యను స్థాపించినవారిలో నొకరు ఆ ఇరువది దినములును రాష్ట్రపతి భవనమున నుండిరి. 1928లో బెంగాలు నాగపూరు రైల్వే సమ్మెలో ఆయన వెంట నడచినవారి కుమారులు ఆ నిర్బంధితులలో నుండకపోరు.

1974 ఆగస్టులో పదవీకాలము ముగిసెను. రెండవసారి అవకాశము రాలేదు. గిరిగారు చెన్నపట్టణము చేరిరి. 1975లో భారతరత్న బిరుదము లభించెను. 1977లో రాష్ట్రపతి పదవికి ముప్పదియేడుగురు నామినేషనులు దాఖలుచేయగా ముప్పదియార్గురివి తిరస్కరింపబడి సంజీవరెడ్డిగారిది మాత్రము నిలిచెను. ఓటు వేయ నవసరము లేకయే వారు ఎన్నికైరి. గిరిగారు దానిని చూచి, 1980 జూను నెలలో చెన్నపట్టణముననే కీర్తిశేషులైరి.